మోనికమ్మ ఓర్పు

విజయవాడ నుంచి పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు అమీర్‌పేటలో మెట్రో ఎక్కాను. రైలు ఎంతకీ కదల్లేదు. “ఏంటండీ ఇది, మనుషులకి వేరే పనులుండవా?” అని ఎవరితోనూ కాకుండా పైకే విసుక్కున్నాను. పక్కన బుర్ఖాలో ఉన్న పెద్దావిడ ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని నింపాదిగా కూర్చుంది.

“పేరేంది బేటీ?” అని అడిగింది.

“మోనిక.”

“మస్తు స్టైల్ పేరు.”

“స్టైల్ కాదు ఆంటీ. మేం క్యాథలిక్కులం, పునీతుల పేర్లు పెట్టుకుంటాం. మోనికమ్మ దారితప్పిన కొడుకు కోసం ఏళ్ల తరబడి ప్రార్థించింది. ఆ ఓర్పు నాకూ రావాలని మా అమ్మ ఈ పేరు పెట్టింది.”

ఆవిడ నవ్వింది. ఇందాకటి నా విసుగు విన్నది మరి.

“కొడుకు వాపస్ వచ్చిండా?”

“వచ్చాడు. తర్వాత అతనూ పునీతుడయ్యాడు.”

“నాకైతే గంత వద్దు. ఇంటికొస్తే చాలు.”

వాళ్లది బోరబండట. కొడుకు తండ్రితో గొడవపడి పంజాగుట్టలో హాస్టల్లో ఉంటున్నాడట. ప్రతి శుక్రవారం ఈవిడ వండి తీసుకెళ్తుంది. అతను కిందికి రాడు. డబ్బా వాచ్‌మన్ చేతికిచ్చి, పోయిన వారం డబ్బా తీసుకుని తిరిగొస్తుంది.

ఈలోగా రైలు కదిలింది, పంజాగుట్ట వచ్చేసింది. ఆవిడ లేచి, తలుపు దాకా వెళ్లి, నా వైపు తిరిగింది.

“ఎప్పుడూ ఎంగిలి డబ్బానే వస్తుండె. పోయినసారి కడిగి పంపిండు, బేటీ.”