చైనా అక్క మెచ్చుకున్న ఎండు రొయ్యలు

హానోవర్‌లో మాస్టర్స్ చదివే ఆ రోజుల్లో, ఎదుటివాళ్ళు నవ్వుతూ మాట్లాడితే మనల్ని మెచ్చుకుంటున్నట్టేనని నా గట్టి నమ్మకం. ఒక ఫ్లాట్‌లో ముగ్గురం తలా ఒక గదిలో ఉండేవాళ్ళం. వంటిల్లు మాత్రం ఒకటే. పీహెచ్‌డీ చేస్తున్న చైనా అమ్మాయి నాకన్నా పెద్దది కనక చైనా అక్క అనేవాణ్ణి. మూడోవాడు జర్మన్. ఏదైనా మొహమ్మీదే అనేస్తాడని వాడికి కుండబద్దలు అని పేరు పెట్టాను. నేను ఎండు రొయ్యల ఇగురు వండినప్పుడల్లా వాడు కిటికీలన్నీ తెరిచేసి (బయట మంచు పడుతున్నా సరే) "కంపు" అనేవాడు. అక్క మాత్రం, "చాలా ప్రత్యేకమైన వాసన. వేసవిలో అయితే ఇంకా బాగుంటుందేమో," అనేది. సంస్కారమంటే ఇదీ అనుకుని, ఆమె కోసం మరికాసిని రొయ్యలు వేసేవాణ్ణి. వరంగల్ మిత్రుడికి ఫోన్‌లో చెప్తే, "ఎండు రొయ్యలను పొగుడుతాందా? నాకెందుకో డౌట్ కొడ్తాంది రా," అన్నాడు. అసూయ అనుకున్నాను.

అక్క భోంచేస్తూ ల్యాప్‌టాప్‌లో చైనా టీవీ చర్చలు చూసేది. ఒక సాయంత్రం నేనూ పక్కన కూర్చున్నాను. మన టీవీ చర్చల్లో నలుగురూ ఒకేసారి అరిచి ఎవరి మాటా ఎవరికీ వినబడకుండా జాగ్రత్త పడతారు. ఇక్కడ ఇద్దరు పెద్దమనుషులు తలలూపుకుంటూ, ఒకరి మాట ఒకరు ఆసాంతం వింటున్నారు. "ఎంత సఖ్యంగా ఉన్నారో," అన్నాను.

అక్క తినడం ఆపి నన్ను వింతగా చూసింది. "వాళ్ళు పోట్లాడుకుంటున్నారు. 'మీరన్నది సబబే, నేనొక చిన్న మాట కలుపుతాను' అన్నాడు కదా, అంటే నువ్వన్నదంతా తప్పు అని. ఇప్పుడు రెండో ఆయన 'బహుశా' అన్నాడు."

"అంటే?"

"ఇక నోరు మూసుకోమని."

నాకు భలే సరదా వేసింది. (ఆ సరదాలో నా ఇగురు గుర్తుకు రాలేదు. పాఠాలన్నీ పక్కవాడి కోసమే కదా.)

ఆ ఆదివారం ఫ్లాట్ మీటింగ్. నన్ను ఇంకో ఏడాది ఉంచుకోవాలా వద్దా అన్నది వాళ్ళిద్దరూ తేల్చాలి. గది పోతే మళ్ళీ వెతుకులాట, మళ్ళీ కొత్త చిరునామా నమోదుకి, అదే అన్మెల్డుంగ్‌కి, టెర్మిన్ (అపాయింట్‌మెంట్) కోసం పడిగాపులు. అక్క ఉందిగా అని ధీమాగా కూర్చున్నాను. ఆమె నవ్వుతూ మొదలుపెట్టింది. "ఇతను చాలా మంచివాడు. వంట కూడా చాలా ప్రత్యేకం. నేనొక చిన్న మాట కలుపుతాను. యూనివర్సిటీకి దగ్గరగా ఉంటే, బహుశా, ఇతనికే సుఖమేమో."

ఆ 'బహుశా' దగ్గర నాకు టీవీ చర్చ గుర్తొచ్చింది. శీతాకాలమంతా అందుకున్న పొగడ్తలు ఒక్కొక్కటే తిరిగొచ్చి చెంపలు వాయించాయి.

కుండబద్దలు గొంతు సవరించుకున్నాడు. "సుఖం సంగతి నాకు తెలీదు. ఆ రొయ్యలు కంపు. వీడు మంచోడు, బాత్రూమ్ శుభ్రంగా కడుగుతాడు. రొయ్యలు పోవాలి, వీడు ఉండాలి."

"చాలా మంచి ఆలోచన," అంది అక్క.

నేను ఆమె వైపు తిరిగాను. "అక్కా, అంటే?"

ఆమె నన్ను చూసి మొదటిసారి పళ్ళు కనబడేలా నవ్వింది. "ఉండు. రొయ్యలు వద్దు."

ఉన్నాను. ఇప్పుడు నేను ఉద్యోగం చేస్తున్న ఉంటర్‌ఫ్యోరింగ్ ఊళ్ళోని ఆఫీసులో ఎవరైనా నా పని బాగుందంటే చాలు, 'కానీ' ఎక్కడ దాక్కుందా అని వెతుక్కుంటాను. తెలివి పెరిగింది, సంతోషం తగ్గింది. అందరికీ నచ్చేశానని ఈల వేసుకుంటూ తిరిగిన ఆ కుర్రాడు తలపుకొస్తే నవ్వొస్తుంది. వాడు తిన్నంత తృప్తిగా నేను మళ్ళీ భోంచెయ్యలేదు.