నాయన సమాధి మీద మూడు పండ్లు

మా నాయనను పూడ్చింది మామిడి తోటలోనే. మా ఇళ్లల్లో అంతే, పోయినవాళ్లను వాళ్ల చేలోనే పెడతాం. ఏటా చెట్టు మీదనే మాగిన తొలి పండ్లు మూడు సమాధి మీద పెట్టేదాకా ఇంట్లో ఎవరూ మామిడి పండు ముట్టరు. పెట్టినవాటిని మళ్లీ తాకకూడదు. పక్షులు తింటే తింటాయి, లేకుంటే అక్కడే ఎండిపోతాయి.

ఈ మధ్య మా బంగినపల్లి కాయలు విదేశానికి పంపుకునే దారి ఒకటి కనబడింది. ఆ దేశం వాళ్లకు పండు ఈగ అంటే చచ్చేంత భయం. పక్వానికొచ్చిన కాయను పొడిచి లోపల గుడ్లు పెడుతుందది. పైకి కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది, కోస్తే పురుగు. అందుకని వాళ్ల షరతు ఏమిటంటే, ఒక్కరి తోట బాగుంటే చాలదు. పక్కపక్కన ఉన్న తోటలన్నీ కలిపి ఈగ లేని ప్రాంతమని మన అధికారులు రాసివ్వాలి. ఆ హద్దులో ఎక్కడ ఒక్క పురుగు దొరికినా ఆ సీజనుకు అందరి కాయలూ ఆగిపోతాయి.

మా పదకొండు తోటలకు నన్ను పెద్దగా పెట్టారు, నాకు నోరెక్కువని కాబోలు. దాన్ని బాగానే వాడాను. తోట తోటకూ తిరిగి ఈగలు పడే ఎర బుట్టలు కట్టించాను. రాలిన కాయను అదే పూట గుంట తీసి పూడ్చాలని, తోటలో ఎక్కడా పండు బయట పెట్టకూడదని అందరి వెంటా పడ్డాను. పక్క తోట ఆయన వరసకు నాకు అన్న. బోరు ఎండిపోతే ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లను బతికించుకున్న మనిషి. ఈ కాపూ చేజారితే తోట కొట్టేసుకోవడమేనని నాతో చెప్పి ఉన్నాడు. అలాంటివాడు రెండు కాయలు గట్టు మీద వదిలేశాడని నలుగురి ముందూ నానా మాటలూ అన్నాను. ఆయన వెళ్లి పూడ్చి వచ్చాడు.

కోతకు నాలుగు రోజుల ముందు చివరి తనిఖీకి ఆఫీసరమ్మ వచ్చింది. పది తోటలు చూసింది, ఏ బుట్టలోనూ ఈగ లేదు. నా తోట ఆఖరిది. పొంగిపోతూ వెంట నడిచాను. ఆమె సమాధి దగ్గర ఆగింది.

అది తోట కాదమ్మా, మా నాయన సమాధి అన్నాను. హద్దు లోపలే ఉంది కదండీ అని, ఆమె ఒక పండు తీసి కోసింది. తెల్లటి పురుగులు చాకు మీద ఎగిరెగిరి పడ్డాయి.

వారం కిందట తలస్నానం చేసి, తడి పంచెతో, నా చేత్తోనే పెట్టాను వాటిని. ఊరందరికీ చెప్పిన రూలు ఆ నాలుగు అడుగుల చోటుకూ వర్తిస్తుందని నా మట్టి బుర్రకు తట్టనేలేదు. చెట్టు మీద మాగిన పండే ఈగకు కావలసిందని తెలిసీ, అదే ఏరి కోసుకొచ్చాను.

ఆ చెట్టును ఇప్పుడే నరికేస్తానన్నాను. నా తోట ఒక్కటీ తీసేసి మిగతావాళ్లను వదలమన్నాను. చివరికి కాళ్ల మీద పడబోయాను. ఆమె చెడ్డది కాదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక్కడ దాస్తే ఓడ దిగాక దొరుకుతుందండీ, అప్పుడు జిల్లా కాయలన్నీ ఆపేస్తారు అని చెప్పి కాగితం మీద రాసుకుపోయింది.

అందరికీ నేనే చెప్పాలి. తొమ్మిది తోటలు తిరిగాను. ఒకరిద్దరు తిట్టారు, ప్రాణం కొంచెం తేలికపడింది. అన్న తోటను మాత్రం ఆఖరికి ఉంచుకున్నాను. వెళ్లేసరికి ఆయన వాళ్ల నాయన సమాధి పక్కన కూర్చుని ఉన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన బండ మీద ఆకులను చేత్తో తోసి శుభ్రం చేశాడు. దాని మీద ఒక్క పండు కూడా లేదు.

"పండు బయట పెట్టద్దని నువ్వంటివని ఈ తూరి మా నాయనకు పెట్టలేదప్పా. ఇంట్లో ఆడోళ్లు ఏడ్సినా పెట్టనియ్యలేదు" అన్నాడు.

నేను తలెత్తలేదు.

"ఇంగ పెట్టచ్చునా?" అని నన్నే అడిగాడు.