వినుకొండ బస్సులో స్ట్రాబెర్రీలు

టైఫాయిడ్ తగ్గి మూడు వారాలైనా మా పిన్నికి నోరు చచ్చిపోయే ఉంది. ఏం పెట్టినా రెండు ముద్దలు తిని కంచం తోసేస్తోందని బాబాయి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు. పళ్లు తినిపించమని డాక్టరు గారు చెబితే బత్తాయిలు, దానిమ్మలు తెచ్చాడట, ఒక్కటీ ముట్టలేదు. జామ్ సీసా మీద బొమ్మ చూసి, ఆ ఎర్ర పండు ఎలా ఉంటుందో అని మాత్రం అందట. అదే చాలనిపించింది నాకు. గుంటూరు పళ్ల దుకాణాలకి స్ట్రాబెర్రీలు అప్పుడప్పుడే వస్తున్నాయి. డబ్బా అరవై రూపాయలు. రెండు కొన్నాను.

అన్నీ తెలుసనుకోవడం నాకున్న పాత జబ్బు. ముందురోజు సాయంత్రమే పళ్లు కడిగి, తొడిమలు గిల్లి, తమలపాకుల్ని చుట్టినట్టు తడిగుడ్డలో చుట్టాను. ఉదయం ఏడున్నరకి వినుకొండ బస్సెక్కాను. నరసరావుపేట మీదుగా రెండున్నర గంటలు, టిక్కెట్టు నలభై లోపే. ఫిబ్రవరి కాబట్టి దారి పొడవునా కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కిటికీ తెరిస్తే తుమ్ములు, మూస్తే ఉక్క.

ఫిరంగిపురం దాటేసరికి నా చీర మీద ఎర్రగా కారుతోంది. పక్క సీట్లో మరియమ్మ గారని ఒక పెద్దావిడ. ఇరవై ఏళ్లుగా మిరపకాయల తొడిమలు తీసే పని చేస్తున్నారట. ఏం పట్టుకెళ్తున్నానని అడిగితే సంగతంతా చెప్పి మూట విప్పాను. అడుగునున్న పళ్లు గుజ్జయిపోయాయి. ఏడుపొచ్చినంత పనైంది.

"తొడిమ తీసి తడిపావా అమ్మా? తొడిమ తీశాక ఏ కాయైనా ఆ పూటే మిల్లుకి పోవాల. చెమ్మ తగిలిన కాయ ఒక్కటున్నా బస్తా అంతా చెడతది," అన్నారు.

సంచిలోంచి పాత పేపరు తీసి ఇద్దరి ఒళ్లోనూ పరిచారు. బాగున్న పళ్లు ఏరి, ఒకదానికొకటి తగలకుండా పేర్చారు. బస్సులో కూడా కళ్లం పెట్టారేంటండీ అని కండక్టరు నవ్వాడు. అలాగే కదలకుండా కూర్చున్నాం. తొమ్మిది మిగిలాయి. ఒకటి తినమంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"జొరం మనిషి కోసం పట్టుకెళ్లేది నాకెందుకమ్మా. ఆమె పేరు చెప్పు, ప్రార్థన చేసుకుంటా."

వినుకొండ నుంచి షేర్ ఆటోలో పది రూపాయలకి పిన్ని వాళ్ల ఊరు చేరాను. పిన్ని ఒక పండు కొరికి మొహం చిట్లించింది. నా పని అయిపోయిందనుకున్నాను.

"మామిడికాయలాగా పుల్లగా ఉందే. ఉత్తగా ఎట్టా తింటారు? కాస్త ఉప్పూ కారం పట్రా."

మూడు వారాల్లో ఆవిడ నోరు తెరిచి ఇది కావాలని అడగడం అదే మొదలు. బాబాయి కారం డబ్బా తెచ్చి, మూతైనా తీయకముందే ఘాటుగా ఉందంటూ కళ్లు తుడుచుకున్నాడు.

తొమ్మిదీ అయ్యాక పిన్ని అన్నం పెట్టమంది. ఇప్పుడు లేచి తిరుగుతోంది. మరియమ్మ గారికి పిన్ని పేరైతే చెప్పాను గానీ ఆవిడ ఊరు అడగలేదు. ప్రార్థన ఫలించిందని చెప్పే దారి లేక, ఆ బస్సెక్కిన ప్రతిసారీ పక్క సీటు వైపు చూస్తున్నాను.

స్ట్రాబెర్రీలు పట్టుకెళ్లేవాళ్లకి ఆవిడ మాటే నా సలహా: తొడిమ తీయకుండా, కడగకుండా, పొడి కాగితం మీద ఒకే వరుసగా పేర్చుకుని, తినే ముందే కడగండి.