కండ్లు తెరిచిన ఫొటో

ఫొటోలో మా అత్త కండ్లు మూసుకుంది. అంతవరకే అయితే నవ్వి ఊరుకునేవాళ్ళం. పందిరికి వేలాడదీసిన పూలదండ ఒకటి ఆమెకూ కెమెరాకూ నడుమ పడి, మెడలో వేసినట్టే వచ్చింది. చీకట్లో అది నాకు కనబడనే లేదు. మా వైపు ఆ రోజుల్లో పోయినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి చివరి ఫొటో తీయించుకునేవాళ్ళు. నంద్యాలలో నా స్టూడియోకు వచ్చే పిలుపుల్లో అవే ఎక్కువ. అందుకే ఈ ఫొటో దేనిలా ఉందో ఎవరికీ విడమరిచి చెప్పే పని లేకపోయింది.

కర్నూలు రాజధానిగా ఉన్న కాలం అది. ఆళ్లగడ్డలో మా బావమరిది పెళ్ళి మెరవణి ఇంటిముందు ఆగినప్పుడు తీశాను. పళ్ళెంలో మెరుపుపొడి పోసి అంటిస్తే ఢామ్మని మంట, వెనకే పొగ. ఎవరి కండ్లు నిలుస్తాయి?

మా అత్త పిల్లనిచ్చిన అత్తే కాదు, మా నాయనకు సొంత అక్క. నన్ను ఎత్తుకుని పెంచింది. ఫొటో చేరిన కొన్నాళ్ళకే ఆమెను చలిజ్వరం పట్టుకుంది. ఇక చూడండి! దోమలను ఎవరూ ఒక్క మాట అనలేదు, అందరూ నన్నే అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఫొటో తీస్తే జ్వరమొస్తుందా అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. మా ఆవిడ మాత్రం అరవలేదు.

"అమ్మకేమన్నా అయితే గోడకు ఇదే పెడతామా? ముందు ఆమె కండ్లు తెరిపియ్. ఆపైన నాతో మాట్లాడు."

ఊరందరి ఫొటోలూ తీసినవాడిని, నన్ను పెంచిన మనిషిది నా దగ్గర ఉన్నది అదొక్కటే.

జ్వరం విడిచిందని కబురు రాగానే ఇద్దరం బస్సెక్కాం. పగలు ఎండకు తల తిరుగుతోందని అత్త మంచం దిగలేదు. దీపాలు పెట్టే వేళకు లేచి, గాలి కోసం వీధి అరుగు మీద కూర్చుంది. సరే, మళ్ళీ వీధే, మళ్ళీ చీకటే. పొడి మాత్రం ముట్టకూడదనుకున్నాను. బాడుగకిచ్చే సాయిబు దగ్గర గ్యాసులైటు తెచ్చాను.

ముందు ఎదురుగా పెట్టి చూశాను. ముఖం జొన్నరొట్టెలా చదునుగా కనబడింది, పైగా ఆమె కండ్లు చికిలించింది. లైటును పక్కకు జరిపి, ముఖం కంటే కొంచెం ఎత్తులో పెట్టాను. ఒక చెంప వెలిగింది, రెండోది చీకట్లో కలిసిపోయింది. సగం ముఖమే తీస్తే మా ఆవిడ ఊరుకుంటుందా! చీకటి వైపున తెల్లపంచె ఒకటి తాడు మీద ఆరేశాను. దాని మీద పడ్డ వెలుగు తిరిగొచ్చి ఆ చెంపను తాకింది. ఆపైన నల్లగుడ్డ కప్పుకుని కెమెరా అద్దంలో మూలమూలా వెతికాను. తోరణం లేదు, దండ లేదు, నెత్తిన మొలిచినట్టు కనబడే గుంజా లేదు.

పొడి వెలుగు రెప్పపాటుదే. గ్యాసులైటుకైతే కెమెరా మూత తీసి కాసేపు ఉంచాలి. ఆ కాసేపట్లో రెప్ప ఒకసారి వాలినా ఫరవాలేదు, మనిషి కదిలితేనే బొమ్మ చెదిరిపోతుంది. అత్తకు వణుకు ఇంకా పూర్తిగా పోలేదు. తల గోడకు ఆనించమన్నాను.

"కండ్లు మూసుకో అత్తా. నేను చెప్పినప్పుడు తెరువు."

"మళ్ళా మూసుకోమంటాండావేందిరా?"

"ముందే లైటుకు అలిసిపోకుండా. తెరిచినాక దాన్ని చూడాకు. నీ కూతుర్ని చూడు."

మా ఆవిడ కెమెరా పక్కన నిలబడింది. తెరవమన్నాను. అత్త కూతురి వైపే చూసింది. మూత తీశాను. వణుకు ఆమెకైతే, ఊపిరి బిగబట్టింది నేను.

నంద్యాలకు తిరిగొచ్చి ఎర్రదీపం కింద గాజు ప్లేటును మందునీళ్ళలో కడిగి, పైకెత్తి చూశాను. నెగటివులో అంతా తారుమారు, తెలుపు నల్లగా, నలుపు తెల్లగా ఉంటుంది. ఆమె కనుపాప లేతగా, దానిలో ఆవగింజంత నల్లచుక్క. గ్యాసులైటు మెరుపు అది. మూసిన కంట్లో మెరుపుండదు. అమ్మయ్య అంటూ అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. మా ఆవిడను పిలిచి చూపిస్తే ఆమెకు ప్లేటులో ఏమీ తెలియలేదు. నా ముఖం చూసి తెలుసుకుంది.

అచ్చువేసి ఆళ్లగడ్డకు తీసుకెళ్ళిన ఫొటోను అత్త దీపం దగ్గర పెట్టుకుని చూసింది.

"ఈమె నన్నే చూస్తాండాదే!" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఆ కండ్లు మూసుకున్నేది యాడుంది?"

"చించేస్తాలే అత్తా."

"చించాకు అబ్బీ, దాచిపెట్టు. దండ గూడా ఏసే ఉంది కదా. నేను పోయిన్నాడు మళ్ళా కుర్చీలో కూచోబెట్టే పని తప్పుతాది."

మొదట నవ్వింది మా ఆవిడే.