బట్టల కింది మచ్చలు

జబ్బేమిటో తెలియని ఆ ఏళ్లలో నా ఒంటిని చూసి నేనే భయపడేదాన్ని. పొయ్యి దగ్గర కూర్చున్నా, ఎండలో నాట్లు వేస్తున్నా ఉన్నట్టుండి ముఖం, మెడ ఎర్రబడి మండేవి. గుండె దడదడలాడేది, కడుపులో మెలిపెట్టేది. అరగంటకు అంతా మామూలే. అందుకే ఎవరూ నమ్మలేదు. దగ్గరున్న సిరోంచలో డాక్టరు గుండె పరీక్ష చేసి ఏమీ లేదన్నాడు. జిల్లా కేంద్రం గడ్చిరోలి దాకా పోతే, టెన్షన్ అని నిద్రమాత్రలు రాశారు.

"పని అనంగనే వస్తది ఈమెకు," అని మా అత్త పక్కింటామెతో అంటుంటే విన్నాను. రానురాను నాక్కూడా అదే నిజమేమోనని అనుమానం పట్టుకుంది.

ఒక వానాకాలం పొలంలో కందిరీగ కుట్టింది. గట్టు దాటేలోపే కళ్లు చీకట్లు కమ్మాయి. తెలివొచ్చేసరికి ఆస్పత్రిలో ఉన్నాను. నా భర్త నా పాదాలు రుద్దుతున్నాడు.

"నాడి దొరుకుతలేదన్నరు. ఇగ ఈడ వద్దు, వరంగల్ పోదాం," అన్నాడు.

పడవలో నది దాటి, బస్సులు మారి వెళ్లాం. అక్కడ చర్మం డాక్టరమ్మ నా తొడల మీది గోధుమరంగు మచ్చలు చూసింది. పెళ్లికి ముందు నుంచీ ఉన్నవే. ఆమె పెన్ను వెనక వైపుతో ఒక మచ్చను రుద్దింది. చూస్తుండగానే అది దద్దురులా ఉబ్బింది.

"ఇన్నేండ్లు ఇవి ఎవ్వరు చూడలేదా అమ్మా?"

"బట్టల కింది మచ్చలు ఎవరికి చూపిస్త మేడం?"

నెత్తురు హైదరాబాద్ పంపారు. తుంటి ఎముకలోంచి మూలుగ తీశారు. ఒంటికి కాపలా కాసే మాస్ట్ కణాలు అందరిలోనూ ఉంటాయట. నాలో మితిమీరి పెరిగి, చర్మంలో ఆ మచ్చలుగా పేరుకున్నాయట. వేడి తగిలినా, పురుగు కుట్టినా రేగి, లోపలి రసాయనాలను ఒక్కసారిగా వదులుతున్నాయట.

"పూర్తిగ పోదు. అదుపుల పెట్టుకోవాలె," అంది డాక్టరమ్మ. రోజూ మాత్రలు, ప్రాణం మీదికొస్తే ఇంట్లోవాళ్లే తొడకు వేయాల్సిన సూది. ఇన్నాళ్లూ వాడిన ఒళ్లునొప్పుల మాత్రలు నా జబ్బును రేపి ఉంటాయని, ఇక ముట్టొద్దని చెప్పింది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే అత్త కూలబడింది. ఒళ్లు బాగాలేనప్పుడల్లా ఆ మాత్ర నా చేతిలో పెట్టింది ఆమే.

"నా చేతులతోనే ఇచ్చిన కద బిడ్డా!" అని ఏడ్చింది. ఓదార్చాలనే ఉంది, కానీ లేచి మిగిలిన మాత్రలు పారేయడానికి పోయాను.

మందులతో మంటలు తగ్గాయి కానీ ఆగిపోలేదు. మరుసటి ఏడు ఇంట్లోనే మళ్లీ పడిపోయాను. నా భర్త కంగారులో వేసిన మొదటి సూది వంగిపోయింది. రెండోది దిగింది. ఆ తర్వాత ఆయన నన్ను ఒంటరిగా ఎక్కడికీ పంపలేదు. పంపమని నేనూ అడగలేదు.