మొదటిసారి అడిగితే వద్దనాలి

ఎవరింటికైనా వెళ్ళినప్పుడు వాళ్ళు కాఫీ ఇస్తామనగానే ఒప్పేసుకోకూడదని మా అమ్మ నేర్పింది. నోటితో కాదు, కళ్ళతో. మొదటిసారి అడిగితే వద్దనాలి. రెండోసారి అడిగితే ‘అబ్బే, ఇప్పుడే తాగి వచ్చామండీ’ అనాలి. మూడోసారి చేతిలో పెట్టేస్తే, ‘మీకెందుకండీ శ్రమ’ అంటూ తీసుకోవాలి. మా గోదావరి వైపు దీన్ని మర్యాద అంటారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరి, ఢిల్లీ ద్వారకలో కాపురం పెట్టి, జుట్టు నెరిసినా నాకు ఆ అలవాటు పోలేదు. ఢిల్లీలో రెండోసారి అడిగేవాళ్ళు ఉండరు. ఆఫీసులో అలా ఎన్ని సమోసాలు పోగొట్టుకున్నానో నాకే తెలుసు.

నలభై దాటాక నటన నేర్చుకుంటానంటే మా ఆయన పేపరు మీంచి తలెత్తకుండా, ఇంట్లో చేసేది చాలదా అన్నారు. ఒళ్ళు మండింది. చిన్నప్పుడు మా ఇంట్లో ఆడపిల్లలు నాటకం చూడొచ్చుగానీ వేయకూడదు. ఆ కోరిక అలాగే మిగిలిపోయింది. ఆయన ఆ మాట అనకపోతే ఇంకో ఏడాది నానబెట్టేదాన్నేమో, ఆ సాయంత్రమే వెళ్ళి చేరిపోయాను.

దక్షిణ ఢిల్లీలో ఒక మార్కెట్ కింద బేస్‌మెంట్. తెర లేదు, దీపాలు లేవు. ఆదివారాలు క్లాసు. నేర్పే ఆయన పెద్దవాడు, మోకాలు సరిగ్గా వంగదు, అందరూ సర్ అనేవాళ్ళు. మొదటి రోజు మాతో ఒక్క మాట చెప్పకుండా టీ కాచారాయన. ఖాళీ చేతులతో. స్టవ్ వెలిగించి గిన్నె పెట్టారు, అల్లం దంచారు. పాలు పొంగబోతుంటే గబుక్కున గిన్నె దించి, కాలిన వేళ్ళని చెవితమ్మెకి ఆనించుకున్నారు. అంతే, నా పని అయిపోయింది. మా వంటింట్లో నేను రోజూ చేసే పనే అది, ఎప్పుడూ గమనించుకోలేదు. అక్కడ స్టవ్ లేదని నా బుద్ధికి తెలుసు, అయినా ఆయన చేతుల చుట్టూ నాకు ఆవిరి కనబడింది. ఒట్టు. మనిషి ఒట్టి చేతులతో ఇంత చేయగలడా అని నోరు తెరుచుకుని కూర్చున్నాను.

ముందుగా రాసుకున్న మాటలేవీ లేకుండా అప్పటికప్పుడు ఆడటం ఆయన ముఖ్యంగా నేర్పేది. దానికి ఆయన చెప్పిన సూత్రం ఒకటే. ఎదుటివాళ్ళు ఏది ఇస్తే అది తీసుకోవాలి, దానికి మనది కొంచెం కలిపి తిరిగి ఇవ్వాలి. కాదంటే ఆట అక్కడే చస్తుంది. వినడానికి ఎంత తేలికో. నాకు జతగా వచ్చిన అమ్మాయి లేని కప్పు అందిస్తే నేను చేసిన మొదటి పని, రెండు చేతులూ అడ్డంగా ఊపి, ‘నహీ నహీ, అభీ పీ కే ఆయీ’, ఇప్పుడే తాగొచ్చానని అనడం. కప్పు అలాగే గాలిలో ఉండిపోయింది. హాల్లో ఎవరో నవ్వారు. తర్వాతి వారం కుర్చీ చూపిస్తే పర్లేదు నిల్చుంటానన్నాను. వాన పడుతోందని గొడుగు పడితే మీరు తడుస్తారు అన్నాను. పంజాబీ కుర్రాళ్ళు లేని లడ్డూలు రెండేసి లాక్కుంటుంటే, నేను మాత్రం ఇచ్చిందల్లా వెనక్కి నెడుతున్నాను. మొహమాటానికి పోతే కడుపయ్యిందని మా వైపు ఓ మోటు సామెత ఉంది. నా మొహమాటానికి కష్టం నాకు కాదు, ఆ పిల్లకి వచ్చి పడింది.

ఆ అమ్మాయిది తెలంగాణ, కరీంనగర్ దగ్గర ఊరు. నాన్నది టైలరింగు షాపు. సివిల్స్ రాయడానికి వచ్చి కటవారియా సరాయ్‌లో గదిలో ఉండేది. పరీక్షలు పోయాయి, ఈ పిచ్చి పట్టుకుంది. నెలాఖరుకి ఏదో ఒకటి తేలకపోతే గది ఖాళీ చేసి ఇంటికొచ్చి బీఎడ్‌లో చేరమని వాళ్ళ నాన్న తేల్చి చెప్పాడట. ఊరూరా తిరిగి ఆడే ఒక నాటక బృందానికి మనుషులు కావాలి. దాన్ని నడిపే ఆవిడ క్లాసు ఆఖరి ఆదివారం వచ్చి మమ్మల్ని చూస్తుంది. జతలు జతలుగానే చూస్తుంది. అంటే ఆ పిల్ల బతుకు నా చేతిలో పడింది. ఓ రోజు హౌజ్ ఖాస్ మెట్రో దాకా కలిసి నడుస్తూ అడిగింది.

“ఆంటీ, మీరు వద్దు వద్దు అంటే నేనేం చెయ్యాలె? చాయ్ పట్టుకొని గట్లనే నిలవడాలెనా?”

నాకు సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు. మర్నాటి నుంచి ఎవరు ఏమిచ్చినా మొదటిసారికే తీసుకోవడం మొదలుపెట్టాను. ఆఫీసులో పరాఠా అంటే హా. మెట్రోలో ఓ కుర్రవాడు ‘ఆంటీ, బైఠియే’ అని లేస్తే, వయసు గుర్తు చేసినందుకు లోపల తిట్టుకుంటూనే కూర్చున్నాను. పక్కింటావిడ పచ్చడి రుచి చూడమంటే జాడీతో సహా తెచ్చేశాను, పాపం ఆవిడ ఉద్దేశం చెంచాడే. మా ఆయన ఆ జాడీ చూసి, నటన బానే వంటబడుతోందే అన్నారు.

ఆఖరి ఆదివారం నాటక బృందం ఆవిడ వచ్చి వెనక వరసలో కూర్చుంది. నెరిసిన పొట్టి జుట్టు, ముక్కు మీదకి జారిన కళ్ళజోడు. మా వంతు వచ్చినప్పుడు సర్ చెప్పింది ఇంతే. రైల్వే ప్లాట్‌ఫారం. ఒకరు వెళ్తున్నారు, ఒకరు సాగనంపడానికి వచ్చారు. వెళ్ళేది ఆ పిల్ల.

బెంచీ మీద జరిగి నాకు చోటిచ్చింది. వెంటనే కూర్చున్నాను. పల్లీల పొట్లం చాపింది. గుప్పెడు తీసుకుని, ఒలిచి, పొట్టు ఊదాను. ఆ పొట్టు తన ఒళ్ళో పడినట్టు దులుపుకుంది. నాకు ఒళ్ళు ఝల్లుమంది. నేను ఊదినది ఆ పిల్లకి తగిలింది. ఇద్దరి మధ్యా ఏమీ లేదు, అయినా తగిలింది. ఆ తర్వాత తను మెడ తిప్పి ఎడమవైపు చూసింది, నేనూ చూశాను, రైలు వస్తోంది. లేచి సంచీ ఎత్తి, బండి వచ్చింది తీసుకో అని అందించాను.

“నహీ” అంది.

సర్ కుర్చీలో కదిలారు. సూత్రం తప్పింది నేను కాదు, ఆ పిల్ల. అంత తెలిసిన పిల్ల, అంత అవసరంలో ఉన్న పిల్ల, పనిగట్టుకుని కాదంది. ఏం చేయాలో తోచక, చిన్నప్పటి నుంచి వచ్చినదే చేశాను. మళ్ళీ అడిగాను. మళ్ళీ నహీ. మూడోసారి బతిమాలుతూ ఆ సంచీ తీసుకెళ్ళి చేతిలోనే పెట్టబోయాను.

అప్పుడు ఆ చెయ్యి చూశాను. మర్యాదకి వద్దనే చెయ్యి ఎంత వెనక్కి పోయినా వేళ్ళు సగం తెరుచుకునే ఉంటాయి. పుట్టినప్పటి నుంచీ అలాంటి చేతులు చూస్తున్నాను, నాదీ అలాంటిదే. ఈ చెయ్యి పిడికిలి బిగించి ఉంది. అది నాటకంలోని వద్దు కాదు. మొహమాటపు వద్దూ కాదు. ఆ పిల్ల నిజంగా వెళ్ళనంటోంది. ఎదుటివాళ్ళు ఏది ఇస్తే అది తీసుకోవాలన్నారు కదా, ఆ పిల్ల నాకిచ్చింది ఆ వద్దే.

తీసుకున్నాను. సంచీని నా భుజానికి తగిలించుకుని, ‘ఠీక్ హై. మత్ జా’ అన్నాను. సరే, వెళ్ళకు అని. ఆ క్షణానికి అంతకంటే హిందీ నాకు తోచలేదు. రైలు కదిలింది. పెట్టె దాటుతుంటే గాలికి ఒక అడుగు వెనక్కి వేశాను. ఎవరూ వేయమనలేదు, నా కాలే వేసింది. ఆ పిల్ల తల మెల్లగా కుడివైపు తిరుగుతోంది, ఆఖరి పెట్టె దాకా. చూద్దునుకదా, హాల్లో అందరి తలలూ దాంతోపాటే తిరుగుతున్నాయి. కళ్ళజోడు ఆవిడది కూడా. లేని రైలు ఒకటి అంతమంది కళ్ళ ముందు నుంచి వెళ్ళిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దేవుడి గుళ్ళో కూడా నాకు ఎప్పుడూ అంత భయభక్తులు కలగలేదు.

క్లాసయ్యాక ఆవిడ ఆ పిల్లని పిలిచి, వచ్చే వారం నుంచి రిహార్సల్‌కి రమ్మంది. నన్ను చూసి నవ్వి తలాడించింది, అంతే. నాకు అదే ఎక్కువ.

మెట్రో మెట్ల దగ్గర ఆగి ఆ పిల్ల వాళ్ళ నాన్నకి ఫోన్ చేసింది. ఆయన నమ్మలేదు. చాలాసేపు అటు చెప్పి, ఇటు చెప్పి, ఆఖరికి కళ్ళు తుడుచుకుంటూ ఫోన్ నా చేతిలో పెట్టింది.

“మేడమ్, మీరు పెద్దోళ్ళు. నాకు అబద్ధం చెప్పకుండ్రి” అన్నాడాయన. “మా బిడ్డకు ఇది నిజంగ వస్తదా?”

ఏం చెప్పాలి? నటన ఎలా ఉంటే బాగున్నట్టో నాకేం తెలుసు? నాకు తెలిసింది చెప్పాను.

“వస్తుందండీ. ఇవాళ మీ అమ్మాయి మాకు రైలు చూపించింది. అక్కడ రైలు లేదండీ. అయినా అది పక్కనుంచి పోతుంటే నేను వెనక్కి జరిగాను.”

“బుధవారం రైలుకు దానికి టికెట్ తీసిన, మేడమ్” అన్నాడు. “దానికి చెప్పలే. క్యాన్సల్ చేస్తున్ననని చెప్పుండ్రి.”

చెప్పాను. ఆ పిల్ల ఆ మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. జనం మమ్మల్ని తప్పుకుంటూ దిగుతున్నారు. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను, నాకు సిగ్గేమీ వేయలేదు.