తవుడు సంచిలో జెల్ ఎరువు

ఆలూరు రైతు యాదయ్య నుంచి ఉదయం ఆరుంపావుకు ఫోను వచ్చింది. "మేడం, మీ ఎరువును మా అమ్మ తవుడనుకొని కుడితిల కలిపింది. బర్రె తాగింది. జల్ది రాండ్రి."

ఆరూ నలభైకి మెహదీపట్నంలో చేవెళ్ల బస్సు ఎక్కాను. ఆలస్యమైతే కాలేజీల రద్దీలో నిలబడవలసి వస్తుంది. కండక్టరు ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ చేతిలో పెట్టాడు.

మా ప్రయోగశాలలో తయారుచేసేవి జెల్ గుళికలు. నీటిని పీల్చి ఉబ్బి, లోపలి యూరియాను కొద్దికొద్దిగా వేళ్ళకు వదులుతాయి. కొనుక్కునే పాలిమర్‌తో రైతుకు అందని ధర పడుతోందని, దానిలో చాలా భాగం తీసివేసి నూకల గంజి, తవుడు వాడాను. కొత్త సంచులు కూడా దండగనిపించి, ఖాళీ తవుడు సంచుల్లోనే నింపి, పొలంలో వాడి చూడమని ఇద్దరు రైతులకు ఇచ్చాను. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనే మొదట. కుడితి గోలెం ఉన్న ఇంట్లోనే పుట్టినా, నాకు ఆ ప్రమాదం తోచలేదు.

అలాంటి సంచి మరొకటి మొయినాబాద్ దగ్గరి రైతు వద్ద ఉంది. ఫోను చేసి, పశువులకు అందకుండా అటక మీద పెట్టమన్నాను.

పక్కన ఖాళీ పూలగంపతో కూర్చున్న అవ్వ నన్నే చూస్తోంది. "దవాఖానకా బిడ్డ?"

"కాదవ్వా, బర్రెను చూడడానికి."

"బర్రెకు గింత ఫికరా! పాలిస్తదా?"

"ఇస్తుంది."

"అట్లయితే ఇంట్ల మనిషే," అని నా భుజం తట్టింది.

ఎనిమిది దాటాక చేవెళ్లలో దిగి, షేర్ ఆటోలో ఆలూరు చేరాను. బర్రె పడుకొని ఉంది. నోటి వెంట నురగ, చర్మం అదురుతోంది. పశువుల డాక్టరు చల్లటి నీళ్ళలో వెనిగర్ కలిపి గొట్టంతో పట్టిస్తున్నాడు.

"ఇది ఎన్ని రోజులకు కరుగుతది?" అని నన్ను అడిగాడు.

"మట్టిలో నలభై రోజులు."

"కడుపుల?"

"పరీక్షించలేదు సార్."

"ఉత్త యూరియా అయితే గీపాటికి పోయేది. ఇది నిమ్మళంగ ఇడుస్తున్నది. అందుకే బతికున్నది. అందుకే పొద్దూకేదాక ఏం చెప్పలేను."

యాదయ్య మండిపడ్డాడు. "సంచి మీద పేరన్న రాయొద్దా మేడం?"

అతని తల్లి అడ్డుకుంది. "రాస్తే నేను సదువుతనారా? గంజి వాసనొచ్చింది, కలిపిన. పుర్రె బొమ్మన్న ఎయ్యకపోతివి బిడ్డ!"

మూడింటివరకు అక్కడే కూర్చున్నాను. యాదయ్య తల్లి పెట్టిన జొన్నరొట్టె సగం తిన్నాను. రెండో సంచి గుర్తొచ్చి, బర్రె సంగతి ఫోనులో చెప్పమని లేచాను.

నాలుగున్నరకు మొయినాబాద్‌లో ఆ సంచి తీసుకొని నగరానికి బస్సు ఎక్కాను. బస్సు కదలగానే యాదయ్య ఫోను. "లేచింది మేడం. నీళ్ళు తాగింది. గోలెం చూస్తే మాత్రం ఎనుకకు జరుగుతున్నది."

కళ్ళు మూసుకున్నాను. గుళికల తయారీ ఖర్చు లెక్కలో నేను గర్వంగా కొట్టివేసిన పద్దు, కొత్త సంచి. దాని బదులు వాడిన తవుడు సంచి ఇప్పుడు నా ఒళ్ళోనే ఉంది, గంజి వాసన వేస్తూ.

ఎదుటి సీటు పెద్దాయన వెనక్కి తిరిగాడు. "మంచి తవుడులెక్కున్నది మేడం. ఏడ కొన్నరు?"

సంచి మూతిని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను.